కత్తెర పడిన ఉయ్యాల

"మేడమ్! హార్ట్ రాట్! హార్ట్ రాట్!"

పెరట్లో మేపుల్ చెట్టు మొదట్లో మొలిచిన పుట్టగొడుగులు తడుముతూ అరుస్తున్నాడు వీధి చివరి ముసలాయన.

కొమ్మకి కట్టిన చీర ఉయ్యాలలో పాప నిద్రపోతోంది.

జయంతి గుండె ఝల్లుమంది. ఆయన రెండో చేతి వేలు ఉయ్యాల వైపే ఉంది మరి!

పాప గుండెలో ఏదో చప్పుడు వినిపిస్తోందని డాక్టరు చెప్పి వారం కాలేదు. పదో తరగతితో ఆగిపోయిన ఇంగ్లీషే అయినా 'హార్ట్' అంటే ఆమెకి తెలుసు. 'రాట్' అంటే కుళ్ళిపోవడమనీ తెలుసు.

పాపని గుండెలకి అదుముకుని లోపలికి పరుగెత్తింది. ఉప్పూ మిరపకాయలూ తీసి దిష్టి తీసింది.

సాయంత్రం శ్యామ్‌సుందర్ ఆఫీస్ నుంచి రాగానే అందుకుంది.

"ఏమండీ, ఆ వీధి చివరి ముసలాడు మన పాపని శపించాడండీ!"

"వాల్టరా? అందరి చెట్లూ తట్టి చూస్తుంటాడు. కాస్త లూజు. నువ్వు టెన్షన్ పడకు."

"చెట్టుకి పుట్టిన ఆ పుట్టగొడుగులు చూపిస్తూ..."

"గుర్రపు డెక్కల్లా ఉన్నాయి, అవేనా? చెక్కేస్తే పోతాయి. చెట్టు చూడు, ఎంత పచ్చగా ఉందో!"

చెక్కేశాడు కూడా.

మర్నాడు పాపకి పాలు పట్టి, ఎత్తుకుని పెరట్లోకి వచ్చేసరికి వాల్టర్ అక్కడున్నాడు. చేతిలో కత్తెర. ఖాళీ ఉయ్యాల రెండు ముక్కలై గడ్డిలో పడి ఉంది.

పొత్తిళ్ళకని అమ్మ పంపిన పాత వెంకటగిరి చీర అది. ముత్తైదువ చీరకి కత్తెర పెడతాడా!

"నా బిడ్డకేమన్నా అయితే ఊరుకోను నిన్ను!" తెలుగులోనే అరిచింది జయంతి.

అరుపు విని వచ్చిన శ్యామ్‌సుందర్ పోలీసులకి ఫోన్ చేశాడు. ముసలాయన వాళ్ళ కారెక్కాడు. ఎక్కుతూ కూడా చెట్టుకేసే చూశాడు.

"తిక్క కుదిరింది," అంది జయంతి.

ఆ ఆదివారం గాలి లేదు, వాన లేదు. పెద్ద కొమ్మ ఫెళ్ళున విరిగి, సరిగ్గా ఉయ్యాల వేలాడిన చోటే పడింది. ఆకులు నవనవలాడుతున్నాయి. లోపలి చెక్క మాత్రం నానిన అటుకుల్లా మెత్తబడి ఉంది.

చెట్లు కొట్టే అతను వచ్చి, చూసి పెదవి విరిచాడు.

"హార్ట్ రాట్."

జయంతి భర్త వైపు తిరిగింది. "అంటే ఏంటండీ?"

"చెట్టు లోపలి చేవ కుళ్ళిపోవడమట. ఆ పుట్టగొడుగుల పనేనట," శ్యామ్‌సుందర్ తల దించుకున్నాడు.

"పదండి, ఆయన కాళ్ళు పట్టుకుందాం."

"వెళ్దాంలే. ఈ వీకెండ్ వెళ్దాం."

మొహం చెల్లక వీకెండ్లు గడిచిపోయాయి. ఆ నోవై ఊళ్ళో మేపుల్ ఆకులన్నీ రాలిపోయాక గానీ కదల్లేదు ఇద్దరూ.

వాల్టర్ ఇంటి ముందు ఒకావిడ ట్రక్కులోకి సామాను ఎక్కిస్తోంది. ఆయన పెద్ద కూతురట. జరిగింది చెప్పి, క్షమించమన్నాడు శ్యామ్‌సుందర్.

"నాన్న పోయారు," అందావిడ. "పోలీసు గొడవయ్యాక ఒంటరిగా వదలడానికి భయమేసి ఓల్డేజ్ హోమ్‌లో పెట్టాం. అక్కడ ఆయన కిటికీలోంచి ఒక్క చెట్టూ కనిపించేది కాదు."

భర్త ఆ మాటలు తెలుగులో చెబుతుంటే జయంతి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆయన చెట్ల డాక్టరా? అడగండి."

అడిగాడు.

"కాదు, కార్లకి రంగులేసేవారు," అందావిడ. "ఇలాగే పచ్చటి కొమ్మ విరిగి మీదపడి మా చెల్లి పోయింది. ఆ కొమ్మకే చెల్లి కోసం ఉయ్యాల కట్టింది నాన్నే."