కనిపించాయా?

“కనిపించాయా తల్లీ?”

ప్రతి సోమవారం వచ్చే పెద్దాయన మళ్లీ అదే అడిగాడు.

రక్తం తీసే అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

ఆ ల్యాబులో వెతికేది ఎముక క్యాన్సర్ కణాల కోసం. రోగి రక్తంలో ఒకటీ అరా తిరుగుతున్నా పట్టుకోవాలని కొత్త మిషన్ పెట్టారు. రక్తం తీసి ట్యూబు లోపలికి పంపడం వరకే ఆమె పని. చూసి చెప్పేది డాక్టరమ్మ.

“లేదండీ. ఏమీ కనిపించలేదట.”

ఆ మాట కోసం జనం వెయ్యి దేవుళ్లకు మొక్కుతారు. ఆయన ముఖం మాత్రం వాడిపోయింది.

“సరే. పై వారం వస్తాను.”

కుర్చీ చెయ్యి ఊతం చేసుకుని లేచాడు. ఒక భుజం కిందికి జారిపోయి ఉంది.

“రోగం లేదంటే దిగులు పడతాడేంటి ఈయన!” అందామె పక్కనున్న నర్సుతో.

“కొందరికి జబ్బే చుట్టం. అది వెళ్లిపోతే తోచదు,” అని నవ్వింది నర్సు.

రానురాను ఆయన చేతిలో నరం దొరకడం గగనమైపోయింది. గుచ్చిన చోటల్లా కమిలి నల్లబడింది.

“ఇక గుచ్చడానికి చోటు లేదు బాబాయిగారూ.”

“రెండో చెయ్యి ఉందిగా. అదీ అయిపోతే కాళ్లున్నాయి.”

ఆయన నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

ఒక సోమవారం లోపలి నుంచి వేరే కబురు వచ్చింది. అది ఆయనకెలా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

“కనిపించాయట...”

“నిజంగా?”

మనవడు పుట్టాడన్నంత సంబరం ఆయన ముఖంలో.

ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు.

తర్వాతి సోమవారం ఆయన్ని గుమ్మంలోనే ఆపేసింది.

“మిషన్ పాడైంది. బాగయ్యాక మేమే పిలుస్తాం.”

లోపల మిషన్ గిర్రున తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడు ఆయనకూ వినిపించింది. గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. పీడ విరగడైందనుకుంది.

కొన్నాళ్లకు ఆమె చెల్లెలు మోకాలు పట్టుకుని కూర్చుంది.

“గెంతులేస్తే నొప్పి రాక ఏమొస్తుంది?” అంది అమ్మ.

ఎక్స్‌రేలో ఏమీ లేదు. అయినా అక్క మనసు కీడు శంకించింది. చెల్లెల్ని ల్యాబుకు తీసుకొచ్చి, తనే సూది గుచ్చింది.

సాయంత్రం డాక్టరమ్మ పిలిచింది. ఆమె లోపలికి రాగానే తలుపు వేసింది.

“కనిపించాయి.”

ఆమె బల్ల పట్టుకుని ఏడ్చేసింది.

“ఏడవకు. మొదట్లోనే పట్టుకున్నాం. రేపే స్కాన్ చేయించి వైద్యం మొదలెడదాం. కాలు కూడా దక్కుతుందనే నా నమ్మకం. పోయినేడు అయితే మన మిషన్‌కి ఇవి దొరికేవే కావు.”

“మరి ఇప్పుడెలా దొరికాయి మేడమ్?”

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“మన సోమవారాల పెద్దాయన పోయాడు. పొద్దున్నే కబురొచ్చింది.”

“ఆయనా? ఆయనకేం లేదని వారం వారం మీరే అన్నారుగా!”

“లేదన్నది మిషన్, దానికి అప్పుడు చేతకాక. క్యాన్సర్‌కి ఆయన ఎముకలు అప్పటికే గుల్లబారిపోయాయి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు, అందుకే నీకూ చెప్పలేదు.”

ఆమె గోడకు ఆనుకుంది.

“అంత జబ్బు పెట్టుకుని, నయమవుతుందనే ఆశతోనా మేడమ్, ప్రతి వారం వచ్చేవాడు?”

“ఆశ లేదని పెద్ద డాక్టర్లు తేల్చి చెప్పాకే మన దగ్గరికి వచ్చాడమ్మా, తన రక్తంతో మిషన్‌కి చూపు నేర్పితే రేపు ఏ పసిదాని కాలో నిలబడుతుందని.”