పసుపుకొమ్ము

"మెడలో గొలుసు తీసెయ్యండమ్మా. వంగినప్పుడు బ్యాటరీ టెర్మినల్స్ రెండిటికీ తగిలిందంటే ఎర్రగా కాలిపోద్ది," అన్నాడు పడవకి మోటారు బిగించడానికి ఏలూరు నుంచి వచ్చిన జానీ.

మంగతాయారు ఇంట్లోకి వెళ్ళొచ్చింది. సూత్రాల గొలుసుకి బదులు మెడలో పసుపుతాడు, దానికి పసుపుకొమ్ము.

"దీంతో షార్టవదు కదండీ?"

"అవదమ్మా."

బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి, లావు వైర్ల నట్లు ఆమె చేతే బిగింపించాడు జానీ. స్విచ్చి వేస్తే పడవ ముందు లైటు వెలిగింది.

"ఇద్దరం ఎక్కితే లాగుద్దా అండీ?"

"లాగుద్దమ్మా. సార్ ఏరి?"

"కొల్లేట్లోకెళ్ళిన ఆయన దొరక్కుండానే పెద్దకర్మ చేసేశారండీ. ఆరోజు ఎంతమంది చెప్పినా గొలుసు తియ్యలేదు నేను."

ఆమె లైటుని కొల్లేట్లో కిక్కిస పొదల వైపు తిప్పి, అటుకేసి పిలిచింది.

"ఏవండీ, కనబడుతోందా?"