వెనక బెంచీ దాకా

"ముందు ఆ బుట్ట టాపు మీదకి పంపించవయ్యా! ఊపిరాడి చావడం లేదు."

డుంబ్రిగుడ దాటీ దాటకముందే సైన్సు మాస్టారు శివకుమార్ జీపు డ్రైవరు వరహాలు మీద విరుచుకుపడ్డాడు. పక్కన సోములమ్మ కూర్చుంది. ఆమె ఒళ్ళో ఆకులు కప్పిన బుట్ట. జీపు నిండా ఎండుచేపల కంపు. నిన్ననే సంత. సంతకెళ్ళి ఎండుచేపలు కొనకుండా వచ్చే మనిషి ఈ కొండల్లో ఉంటుందా? మాస్టారికి వేరే రుజువు అక్కర్లేకపోయింది.

పాడేరు బడిలో పెద్ద అధికారి ముందు ఆయన నమూనా పాఠం చెప్పాలి. అది మెప్పిస్తే, ఎన్నాళ్ళుగానో అడుగుతున్న బదిలీ వచ్చి, భార్య వెంకటలక్ష్మి పుట్టిల్లు భీమిలి దగ్గరికి చేరొచ్చు. బెలూను, సిరంజి, వెనక బెంచీ దాకా వాసన కొట్టే వస్తువొకటి సంచిలో సర్దమని రాత్రే ఆమెకి చెప్పి పడుకున్నాడు. అగరుబత్తులు పెట్టే ఉంటుంది. తీరా ఇస్త్రీ చొక్కాకి ఈ కంపు పడితే పాఠం ఎవడు వింటాడు?

"నా బుట్టలో అల్లమే బాబూ," అంది సోములమ్మ. "కూతురు పాడేరు ఆస్పత్రిలో నీళ్ళాడింది. బాలింత కదా, దానికే. కావలిస్తే సూడు."

"ఆకు తియ్యకు తల్లీ! ఇప్పుడున్న కణాలు చాలు."

"కణాలేటి మేస్టారూ?" అన్నాడు వరహాలు.

శివకుమార్‌కి ఒళ్ళు మండింది. అయినా అడిగాక చెప్పకుండా ఉండలేడు. "నీ జీపే చూడు. లోపల కదల్లేకుండా కూరుకుపోయిన మేము ఘనపదార్థం. వెనక మెట్టు మీద ఒకర్నొకరు తోసుకుంటున్నవాళ్ళు ద్రవం. టాపు మీద ఎవడి ఇష్టం వాడిది, అది వాయువు. ఇదే జాగాలో ఇంకొకర్ని కుక్కితే సాంద్రత పెరుగుతుంది."

"అయితే ఇంకో ఇద్దరు సాంద్రత పడతారు మేస్టారూ, సదుకోండి."

"మరి నీ మోచెయ్యి నా డొక్కలో గుద్దేస్తంది, అదేటి బాబూ?" అంది సోములమ్మ.

"పీడనం! గాలి కణాలు గోడల్ని ఇలాగే గుద్దుతుంటాయి. వరహాలూ, ఆ బుట్ట పైకి పోతుందా, నన్ను దిగిపొమ్మంటావా?"

వరహాలు జీపు ఆపాడు. "మేస్టారితో మనకెందుకు సోములమ్మా, బేగి పైకెక్కీ."

బయట ముసురు పడుతోంది. కూతురి కోసం తెచ్చిన బుట్టని ఒంటరిగా పంపడం ఆమెకి ఇష్టం లేదు. నొప్పి మోకాలు పట్టుకుని దిగింది. ఎవరూ చెయ్యి అందించలేదు. "అల్లమే బాబూ," అని మరోసారి చెప్పి టాపెక్కింది.

రెండు మలుపులు తిరిగినా కంపు తగ్గలేదు.

"బుట్ట పైకెల్లిపోయినా వాసన పోనేదేటి మేస్టారూ?" అన్నాడు వరహాలు.

"అదేనయ్యా నా బాధ! వాయు కణాలు దొరికిన జాగా అంతా ఆక్రమిస్తాయి. తెచ్చినవాళ్ళు పోయినా అవి పోవు." కనీసం సంచికైనా ఆ కంపు అంటకూడదని శివకుమార్ దాన్ని గుండెలకి గట్టిగా హత్తుకున్నాడు.

పాడేరులో దిగేసరికి సోములమ్మ తడిసి ముద్దయింది. వణుకుతూనే బుట్టలోంచి ఒక అల్లం కొమ్ము తీసి చాపింది. "వాసన సూడు బాబూ."

"పైన అల్లమే. అడుగున ఏముందో!" అనేసి మాస్టారు చరచరా బడికి నడిచాడు.

అధికారి వెనక బెంచీలో కూర్చున్నారు. బెలూను చక్కగా ఉబ్బింది. సిరంజిలో గాలి బుద్ధిగా నొక్కుకుంది. పిల్లలు మాత్రం ముక్కులు మూసుకుంటున్నారు. చొక్కాకి పట్టించి పోయింది మహాతల్లి, అని శివకుమార్ సోములమ్మని మళ్ళీ తిట్టుకున్నాడు.

"ఇప్పుడు, వాసన ఎక్కడ బయలుదేరి ఎక్కడిదాకా పోతుందో చూద్దాం," అంటూ వెంకటలక్ష్మి కట్టిచ్చిన పొట్లం విప్పాడు.

పొట్లం నిండా భీమిలి నెత్తళ్ళ ఎండుచేపలు.