థ పొట్టలో చుక్క

కోడలు తను గీసిన అక్షరాలను హాలు గోడకు అంటించి, నన్ను వంటింటి గుమ్మం దగ్గర నిలబెట్టింది. లావుగా, ముందుకు వాలి, పరుగెత్తుతున్నట్టున్నాయి.

"ఏదైనా అలుక్కుపోయిందా అత్తయ్యా? బస్సు బోర్డులన్నీ ఇక ఈ అక్షరాల్లోనే రాస్తారట, రేపు పంపేస్తున్నా. మీకు కనబడితే ఊరందరికీ కనబడినట్టే."

'థ' పొట్టలో చుక్క కనబడలేదు. సున్నాలన్నీ నల్లటి ముద్దలే. చూపు మందగించిందంటే ఇంట్లో అందరూ కలిసి నన్ను ముసలిదాన్ని చేసేస్తారు.

"ముత్యాల్లా ఉన్నాయి" అన్నాను.

నెల తిరక్కుండా, నేను స్టాపులో నిలబడి ఉండగా ఆ అక్షరాల బోర్డుతో బస్సు వచ్చింది. చదవలేక, పక్కనున్న కాలేజీ అమ్మాయిని అడుగుదామని తిరిగాను. ఆ పిల్ల అప్పటికే కళ్ళు చికిలించి చూస్తోంది.

"ఆంటీ, అదెక్కడికెళ్తుందో కాస్త చదివి చెప్తారా?"

బస్సు వెళ్ళిపోయింది. నా కళ్ళకు ఏ లోపమూ లేదని ఇప్పుడు కోడలికి ఎలా చెప్పను?