పదహారు కార్డులు

కొత్త మిషన్లు నాలుగే వచ్చాయి. అంకెల్ని అట్ట కార్డుల మీద చిల్లులుగా కొట్టే పంచింగ్ సెక్షన్‌లో ఆడవాళ్లు ఎనిమిది మంది.

తెర ఉన్న మిషను ముందు కూర్చోబోయే ఆ నలుగురెవరో హోసూరు ఫ్యాక్టరీలో ఎవరూ చెప్పడం లేదు. పని చూసి తేలుస్తారని మాత్రం పుకారు. వసంతలక్ష్మి ఆ వారం టీకి కూడా లేవలేదు. బర్గూరు క్వారీలో బండ పడి కాలు విరిగినప్పటి నుంచి భర్త రాయకోటలో మంచం మీదే ఉన్నాడు. ఇంటికి ఆమె జీతమే ఆధారం.

శుక్రవారం సూపర్‌వైజర్ ద్వారకనాథ్ ఒక కాగితం తెచ్చాడు.

"అర్జెంటు. తారా, నువ్వు చెయ్యమ్మా."

పైట మీది నంబరు బిళ్ల సర్దుకుంటూ వసంతలక్ష్మి లేచి వచ్చింది. "నాకియ్యండి సార్."

"నీకొద్దులేమ్మా. పదహారు వరుసలే. ఆ పాప చేస్తుంది."

"మూడు దినాలుగా చూస్తాండా, అర్జెంటు పనంతా తారకే పోతాంది. మేమేమి ఈగలు తోలేదానికి వచ్చినామా?"

అందరూ నవ్వారు. ద్వారకనాథ్ నవ్వలేదు. కాగితం ఆమె చేతిలో పెట్టి, కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

పదకొండేళ్ల క్రితం పని నేర్పిన మొదటి రోజే చెప్పారు: అంకెల్ని చూడాలి, చదవకూడదు. చదివితే చెయ్యి ఆగుతుంది. వసంతలక్ష్మి చెయ్యి ఎన్నడూ ఆగలేదు. కళ్లు కాగితం మీద, వేళ్లు మీటల మీద, మనసు మంచం మీది మనిషి దగ్గర. ఐదు నిమిషాల్లో పదహారు కార్డులూ పడ్డాయి.

వాటినీ కాగితాన్నీ తార ముందు పెట్టింది. ఒకరు కొట్టిన అంకెల్నే మరొకరు మళ్లీ కొట్టి సరిచూడడం అక్కడి పద్ధతి. తేడా వస్తే ఎర్ర దీపం వెలుగుతుంది.

ఆరు కార్డులు గడిచాయి. ఏడోదాని దగ్గర తార చెయ్యి ఆగింది.

వసంతలక్ష్మి ముందుకు వంగింది. "తప్పు పడిందా పాపా?"

తార తల అడ్డంగా ఊపింది.

"మరి కొట్టు. ఇట్ల ఆగి ఆగి చేస్తే కొత్త మిషను నీకెట్ల ఇస్తారు?"

తార కొట్టింది. చివరిదాకా దీపం వెలగలేదు.

"ఒక్క తప్పూ లేదక్కా." కార్డుల మీద నుంచి తల ఎత్తకుండానే అంది తార.

ఆ వారంలో మొదటిసారి వసంతలక్ష్మి టీ తాగడానికి లేచింది.

ఆ కాగితం వచ్చే నెల నుంచి ఫ్యాక్టరీలో పనిలోంచి తీసేసి జీతం నిలిపేసేవాళ్ల నంబర్ల జాబితా. అందులో ఏడోది ఆమె పైట మీది బిళ్లపై ఉన్న నంబరే.