మామగారి మూడు చక్రాల బండి

షెడ్డు తాళం తాళంచెవికి లొంగలేదు. చివరికి సుత్తికి లొంగింది.

అల్లుడు తలుపు నెట్టి, లోపలికి తొంగిచూసి పగలబడి నవ్వాడు.

"దీన్నా మీ నాన్న ఇరవయ్యెనిమిదేళ్ళు తాళం వేసి దాచింది?"

మంచం పైపులు అతికించి చేసిన చట్రం. ముందు స్కూటర్ చక్రం, వెనక రెండు లావుపాటి చక్రాలు. మధ్యలో దుమ్ము కొట్టుకుపోయిన టూ-స్ట్రోక్ ఇంజన్.

"నాన్నే ఇంట్లో తయారుచేశారట. రోడ్డు లేకపోయినా గుట్టలెక్కేదట," అంది భార్య. "నాకు ఊహ తెలిసేసరికే తాళం పడింది."

"గుట్టల సంగతి తర్వాత. ముందు గుమ్మం దాటనీ."

అతను పెద్ద షోరూంలో సర్వీస్ మేనేజర్. సొంతంగా స్పానర్ పట్టి పదేళ్ళయింది గానీ, పట్టినవాళ్ళని తిట్టడంలో మాత్రం అలుపు లేదు.

మామగారు పక్షవాతంతో మేడమీద మంచంలో ఉన్నాడు. మాట పడిపోయి నెల. ఈ డొక్కు బండి స్టార్ట్ చేసి ఆయనకి చప్పుడు వినిపించాలి, ఆ వీడియో షోరూంలో నలుగురికీ చూపించాలి. అదీ అల్లుడి ప్లాను.

ప్లగ్గు విప్పి, బిగుసుకుపోయిన పిస్టన్ కదలడానికి డీజిల్ పోస్తుంటే గేటు దగ్గర ఎవరో దగ్గారు.

మాసిన చొక్కా, అరిగిన చెప్పులు, చేతిలో గుడ్డసంచీ. అరవై దాటిన మనిషి.

"పాత ఇనుము అమ్మడం లేదు, వెళ్ళు!"

"ఇనుముకి రాలేదు బాబూ. పెద్దాయన్ని ఒక్కసారి చూసి పోదామని."

"ఆయన ఎవర్నీ చూసే స్థితిలో లేడు."

"మాట్లాడించను. అయిదు నిమిషాలు పక్కన కూర్చుంటాను."

మనిషి మంచం పట్టాడంటే చాలు, ఎక్కడెక్కడి ప్రేమలూ పుట్టుకొస్తాయి అనుకున్నాడు అల్లుడు.

"రేపు రా, చూద్దాం."

ఆ మనిషి చూపు షెడ్డులోకి పోయింది. మొహంలో నెత్తురు లేకుండా పోయింది.

"దాన్ని బయటికి తీస్తున్నారా?"

"తీస్తే నీకేం?"

"వద్దు బాబూ. ఇన్నేళ్ళు మూలపడింది. లోపల ఆయిల్ సీళ్ళు ఎండిపోయుంటాయి. పక్కనుంచి గాలి లాక్కుని పిచ్చెత్తినట్టు తిరుగుతుంది. ఆపినా ఆగదు."

"ఓహో! తమరు ఏ కాలేజీలో చదివారో?"

ఆ మనిషి తల వంచుకుని వెళ్ళిపోయాడు.

రెండోరోజు మళ్ళీ వచ్చాడు. అల్లుడు కార్బ్యురేటర్‌లో జిగురులా అంటుకుపోయిన పాత పెట్రోలు గీకుతున్నాడు.

"నిద్రపోతున్నాడు. రేపు రా," అన్నాడు తలెత్తకుండానే.

పైన మామగారు నిద్రపోవడం లేదు. కళ్ళు తెరుచుకుని గుమ్మం వైపే చూస్తున్నాడు.

మూడోరోజు సాయంత్రం అంతా సిద్ధమైంది. భార్య తండ్రిని దిండ్లకి ఆనించి కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. అల్లుడు ఫోన్ ఒక డబ్బామీద నిలబెట్టి, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసి, కిక్కు కొట్టాడు.

పదకొండో కిక్కుకి ఇంజన్ దగ్గింది. నీలంపొగ కక్కింది. అంటుకుంది!

"చూశావా? కాలేజీ చదువంటే ఇదీ!" అన్నాడు ఫోన్ వైపు తిరిగి.

మరుక్షణం చప్పుడు మారింది. డుగడుగమన్నది కాస్తా కీచుమని అరవడం మొదలెట్టింది. ఇంజన్ తాళం తిప్పాడు, ఆగలేదు. వైరు పీకాడు, ఆగలేదు. బండి నిలబడ్డచోటే ఊగిపోతోంది.

అల్లుడు గోడకి అతుక్కుపోయాడు.

గేటు తోసుకుని ఎవరో పరిగెత్తుకొచ్చారు. ఆ సంచీ మనిషే. వంగి, గాలి పీల్చే కార్బ్యురేటర్ మూతికి అరచెయ్యి అడ్డం పెట్టేశాడు. మోచెయ్యి కాలిపోతున్న సిలిండర్‌కి ఆనుకుంది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఇంజన్ రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి చచ్చింది.

ఆ మనిషి మోచేతి మీద చర్మం ఊడింది.

"వీడియో మొత్తం నాశనం చేశావు కదయ్యా!" అన్నాడు అల్లుడు, గోడ వదిలి ముందుకొస్తూ.

"ఇప్పుడైనా పైకి వెళ్ళనా బాబూ?"

"రేపన్నానా లేదా? ఒకసారి చెబితే అర్థం కాదా?"

ఆ మనిషి కిటికీ వైపు తలెత్తి చూశాడు. బాగున్న చెయ్యి కొంచెం పైకెత్తాడు. తర్వాత సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.

"ఏమండీ, నాన్న ఏడుస్తున్నారు!" అంది భార్య పైనుంచి.

"ఆనందం! ఏడవనీ," అన్నాడు అల్లుడు, చేతులు తుడుచుకుంటూ.

తెల్లవారేసరికి మామగారు పోయాడు.

పొద్దున్నే గేటు బయట జనం. వాళ్ళ వెనక, మోచేతికి గుడ్డ చుట్టుకుని ఆ మనిషి. కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి నడిచిపోయాడు. అల్లుడు చూశాడు. పీడ విరగడైందనుకున్నాడు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు.

మధ్యాహ్నానికి భార్య మేనత్త దిగింది. అన్న కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చి, ఏడ్చి, అల్లుణ్ణి పక్కకి పిలిచింది.

"ఎవరైనా వచ్చారా నాయనా? వయసు మళ్ళిన మనిషి?"

"ఆ సంచీ ముసలాడా? మూడ్రోజులు తిరిగాడు. గడప తొక్కనిస్తే కదా!"

ఆవిడ మొహం చూసి అతని నవ్వు ఆగిపోయింది.

"నేనే కబురు పెట్టాను. మాట పడిపోయే ముందు అన్నయ్య నన్ను అడిగింది అదొక్కటే, అతన్ని ఒకసారి చూపించమని. చేతులు పట్టుకోవాలన్నాడు."

"ఎవరండీ అతను?"

ఆవిడ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అన్నయ్యతో కలిసి ఆ బండి కట్టిన పనివాడు. గుట్ట దిగుతూ ఆ బండి ఒక కూలిమనిషిని పొట్టన పెట్టుకుంది నాయనా. నీ పెళ్ళానికి అప్పటికి ఎనిమిది నెలలు. ఆ రోజు నడిపింది మా అన్నయ్యే. నడిపింది తానేనని చెప్పి మూడేళ్ళు జైల్లో ఉండొచ్చింది అతను."