పై లెవెల్

స్కేటింగ్ పరీక్ష నడుస్తుండగా కోచ్ నోరు విప్పకూడదు. అందుకే ఐస్ రింక్ అంచున పళ్లు బిగించుకుని నిలబడ్డాను.

నిద్రలో లేపి అడిగినా చేసే గిరికీలో నా తొమ్మిదేళ్ల శిష్యురాలు పడింది. లేచి, మళ్లీ అక్కడే పడింది. జడ్జి పెదవి విరిచి "ఫెయిల్" అన్నాడు.

"ఇన్నాళ్లూ ఏం నేర్పారండీ మీరు?" అని వాళ్లమ్మ నన్ను నిలదీసింది.

పిల్ల మాత్రం జారుకుంటూ వచ్చి నా నడుం చుట్టేసింది. కళ్లలో తడి కూడా లేదు.

"కావాలనే పడ్డాను, టీచర్! పాసైతే పై లెవెల్‌కి వేరే కోచ్ అంట కదా. ఇంక మీ దగ్గరే ఉంటా."

పరీక్ష ముందు మనసు పాడుచేయడం ఎందుకని దానికి చెప్పలేదు. ఇక్కడ నాకు ఇవాళే ఆఖరి రోజు. రేపటి నుంచి ఈ లెవెల్‌కీ వేరే కోచే.